తల్లుల ప్రాణదాత సెమ్మెల్వైసు

ఆస్ట్రియా నేలిన రెండవ జోసెఫు చక్రవర్తి 1784వ సంవత్సరమున తన రాజధానియగు వియన్నా నగరమున ఒక గొప్ప వైద్యశాలను నెలకొల్పెను. కాలక్రమమున దాని కీర్తి ఐరోపా ఖండమంతటను వ్యాపించెను. దేశదేశముల నుండి విద్యార్థులు వచ్చి అచ్చట వైద్యశాస్త్రము నభ్యసించుచుండిరి. ఆ వైద్యశాలలో ఒక ప్రసూతిశాల కూడ నుండెను. దిక్కులేని పేదస్త్రీలకు అందు ఉచితముగా పురుడు పోయుచుండిరి. అందులకు బదులుగా ఆ స్త్రీలు విద్యార్థుల శిక్షణకు ఉపయోగపడవలసి యుండెను.

ఆ ప్రసూతిశాల రెండు విభాగములుగా నుండెను. మొదటి విభాగమున వైద్యవిద్యార్థులును, రెండవ విభాగమున మంత్రసాని పని నేర్చుకొను స్త్రీలును శిక్షణ పొందుచుండిరి. వచ్చిన గర్భిణులను ఒకనాడు మొదటి విభాగమునను, మఱునాడు రెండవ విభాగమునను చేర్చుకొనుట వాడుక. తమ వంతు మొదటి విభాగమునకు వచ్చినదని తెలిసినంతనే ఆ స్త్రీలు గడగడ వణకుచు, మోకరిల్లి, చేతులు జోడించి, తమ్ము రెండవ విభాగమునకు పంపుడని వేడుకొనుచుండిరి. మొదటి విభాగమున అడుగిడినవారు బ్రదికి బయటపడుట కష్టమని నగరమందలి పేదలందఱకును తెలియును. కారణమేమో వైద్యులకు తెలియదు.

ప్రసవమైన కొలది దినములకే బాలింతకు చలి పుట్టి జ్వరము వచ్చుచుండెను. కడుపు ఉబ్బి, భరింపరాని నొప్పి కలిగి, వారము తిరుగకుండనే ఆమె కన్నుమూయుచుండెను. ఈ వ్యాధికి సూతికాజ్వరమని పేరు. 1846వ సంవత్సరమున మొదటి విభాగమున 4,010 కాన్పులు కాగా 459 మంది తల్లులు మరణించిరి. అదే సంవత్సరమున రెండవ విభాగమున 3,754 కాన్పులలో మరణించినవారు 105 మంది మాత్రమే. ఒకే ఆవరణ, ఒకే గాలి, రెండు విభాగములకును ప్రవేశించు వాకిలియు నొకటియే. అయినను ఒకచోట నూటికి పదునొకండుగురును, మఱియొకచోట నూటికి ముగ్గురును చనిపోవుచుండిరి.

ఈ చిక్కుముడిని విప్పినవాడు ఇగ్నాజు ఫిలిప్పు సెమ్మెల్వైసు. ఆతడు 1818వ సంవత్సరము జూలై 1వ తేదీన హంగేరీ దేశమున డాన్యూబు నదీతీరమందలి బుడా నగరమున జన్మించెను. ఆవలి యొడ్డుననున్న పెస్టు నగరముతో కలిసి 1873లో బుడాపెస్టు అయినది ఈ బుడాయే. ఆతని తండ్రి కలిగిన కిరాణా వర్తకుడు. 1837లో సెమ్మెల్వైసు న్యాయశాస్త్రము చదువుటకై వియన్నాకు వచ్చెను. కాని మఱుసటి యేడే న్యాయశాస్త్రమును విడిచి వైద్యమున ప్రవేశించెను. 1844లో వైద్యపట్టమును పొందెను. 1846 జూలైలో, ఇరువదియెనిమిదేండ్ల ప్రాయమున, మొదటి ప్రసూతి విభాగమున ఆచార్యుడగు యోహాన్ క్లైనుకు సహాయకుడుగా నియమింపబడెను.

సహాయకుని దినచర్య వేకువతోనే మొదలగుచుండెను. ముందుగా శవాగారమునకు పోయి, మరణించిన స్త్రీల శవములను కోసి పరీక్షించుట. పిదప విద్యార్థులతో కూడి కాన్పుగదికి వచ్చి, నొప్పులు పడుచున్న స్త్రీలను ఒకరి వెంట నొకరిని పరీక్షించుట. మధ్యాహ్నము మరల అదియే పని. సెమ్మెల్వైసు మిక్కిలి శ్రద్ధావంతుడు. వ్యాధి మూలమును కనుగొనవలెనను పట్టుదలతో ఇతరులకంటె ఎక్కువకాలము శవాగారమున గడపుచుండెను. ఆ శ్రద్ధయే ఎంతటి కీడును తెచ్చుచుండెనో అప్పుడాతడెఱుగడు.

సూతికాజ్వరమునకు నాటి పండితులు చెప్పు కారణములు పెక్కులు. గాలి యందలి దోషమని కొందఱును, భూమియు గ్రహములును కలిగించు ప్రభావమని కొందఱును చెప్పుచుండిరి. గాలి దోషమేయైనచో అది ఒక్క విభాగముననే ప్రవేశించి, ప్రక్క విభాగమును విడిచిపెట్టునా? ఈ ప్రశ్న చిన్నపిల్లలకును తోచునట్టిది. కాని పెద్దల మాటను తరతరములుగా వల్లించుచున్నవారికి తోచలేదు. సెమ్మెల్వైసు గ్రంథములను ప్రక్కకు నెట్టి, రెండు విభాగములలోను తెల్లవారినది మొదలు రాత్రివఱకు జరుగు పనులను ఒక్కొక్కటిగా పోల్చి చూడసాగెను.

జనసమ్మర్దము కారణమా? రెండవ విభాగముననే రద్దీ యెక్కువ. స్త్రీలు భయముచేత చచ్చుచున్నారా? మొదటి విభాగమున రోగులుండు గది చివర నుండుటచేత, మరణించుచున్నవారికి మతసంస్కారము చేయవచ్చు పురోహితుడు ఐదు గదులను దాటి పోవలసియుండెను. ఆతని ముందు ఒక సేవకుడు గంట వాయించుచు నడచును. ఆ గంటను విని బాలింతల గుండె లదరుచున్నవేమో యని సెమ్మెల్వైసు తలచి, గంట మ్రోగింపక వేఱొక దారిన పోవుటకు పురోహితు నొప్పించెను. మరణములు తగ్గలేదు. రెండవ విభాగమున స్త్రీలు ప్రక్కకు ఒరిగి పరుండి ప్రసవించుచుండిరి. మొదటి దానిలో వెల్లకిల పరుండుచుండిరి. అదియు మార్పించి చూచెను. ఫలము లేదు.

అయితే ఆ పరిశీలన వ్యర్థము కాలేదు. మఱికొన్ని విషయము లాతని కంటబడెను. మొదటి విభాగమున వరుసగానున్న మంచములలోని స్త్రీలు వరుసగానే జబ్బుపడుచుండిరి. నొప్పులు చిరకాలము పడి, పలుమాఱులు పరీక్షింపబడినవారు తఱచుగా మరణించుచుండిరి. వైద్యశాలకు వచ్చుచు త్రోవలోనే ప్రసవించినవారికి, ఎవరి సాయమును లేకపోయినను, ఈ జ్వరము అరుదుగా వచ్చుచుండెను. శిక్షితులైన వైద్యుల చేతిలోకంటె నడివీధియే తల్లికి క్షేమకరముగా నుండుట ఎంత వింత! పాత లెక్కల పుస్తకములను తిరుగవేయగా ఇంకొక సంగతి బయటపడెను. క్లైనుకు పూర్వమున్న ఆచార్యుడు బోయరు కాలమున, శవములపై శిక్షణ నియ్యనంతవఱకు, మరణములు సగటున నూటికి ఒకరిద్దఱను మించలేదు. 1823లో క్లైను వచ్చి ఆ శిక్షణను ప్రవేశపెట్టిననాటినుండి అవి పెరిగెను. 1840లో వైద్యవిద్యార్థులను మొదటి విభాగమునకును, మంత్రసానులను రెండవ విభాగమునకును వేఱుచేసినప్పటినుండియే ఈ రెంటికిని నడుమ భేద మేర్పడెను. అన్ని ఆధారములును కన్నులయెదుటనే యుండెను గాని వానిని కూర్చు దారము మాత్రము దొరకలేదు.

1847 మార్చి నెలలో సెమ్మెల్వైసు మనశ్శాంతికై మిత్రులతో వెనిసు నగరమునకు పోయెను. తిరిగివచ్చునప్పటికి దుర్వార్త యెదురయ్యెను. ఆతడెంతయో గౌరవించు యాకోబు కొల్లెచ్కా అను ఆచార్యుడు మరణించెను. శవపరీక్ష చేయించుచుండగా ఒక విద్యార్థి చేతి కత్తి పొరపాటున ఆయన వ్రేలికి గ్రుచ్చుకొనెను. ఆ చిన్న గాటు విషమించి ఆయన ప్రాణమును తీసెను. ఆయన శవమును పరీక్షించినవారు వ్రాసియుంచిన వివరములను సెమ్మెల్వైసు చదివెను. అవి సూతికాజ్వరముతో మరణించిన స్త్రీల శరీరములలో తాను నిత్యమును చూచుచున్న చిహ్నములే.

రాత్రింబవళ్ళు ఆ చిత్రమే ఆతని మనస్సును వెంటాడెను. పురుషుడగు ఆచార్యునకు బాలింతరోగ మెట్లు వచ్చెను? శవమునందలి విషపదార్థము కత్తి మొనతో ఆయన రక్తమున ప్రవేశించెను. అట్లైనచో ఆ విషమే తల్లుల శరీరములలో ప్రవేశించుటకు సాధన మేది? కత్తి కాదు, వైద్యుని చేయి. శవాగారమునుండి కాన్పుగదికి నిత్యమును నడచి వచ్చు చేయి. మంత్రసానులు శవములను కోయరు. కనుకనే వారి విభాగము క్షేమముగా నుండెను. శవాగారమునుండి వచ్చినవారు సబ్బుతో చేతులు కడుగుకొనుచునే యుండిరి. కాని కడిగిన పిదపను ఆ చేతులకు శవపు వాసన పోవుట లేదు. వాసన యున్నదన్నచో ఆ పదార్థ మింకను అంటియున్నదనియే గదా! అప్పటికి సూక్ష్మజీవులు వ్యాధులను కలిగించునను సిద్ధాంతము వైద్యలోకమున స్థిరపడియుండలేదు. కన్నులకు కనబడని శత్రువును సెమ్మెల్వైసు ముక్కుతో పసికట్టె ననవచ్చును.

ఆ వాసనను పోగొట్టగల ద్రవ్యమును వెదకి, ముందుగా క్లోరిను నీటిని, తరువాత చౌకయైన క్లోరిను సున్నమును ఎన్నుకొనెను. కలరా రోజులలో మన గ్రామముల బావులలో చల్లుచు వచ్చిన బ్లీచింగు పొడి యిదియే. 1847 మే నెల నడుమ కాన్పుగది ద్వారము చెంత ఆ నీటి పాత్ర నుంచి, చేతులు కడుగుకొనక ఎవ్వరును లోనికి పోరాదని ఆజ్ఞ చేసెను. ఏప్రిలులో ఆ విభాగమున నూటికి పదునెనిమిదిమంది తల్లులు మరణించిరి. జూనులో ఆ సంఖ్య రెండునకు దిగెను. జూలైలో ఇంచుమించుగా ఒకటియయ్యెను.

అక్టోబరు నెలలో ఒక విఘాతము కలిగెను. వరుసలో మొదటి మంచముపై గర్భాశయమున పుండు కలిగి చీము స్రవించుచున్న రోగి యుండెను. విద్యార్థులు శవాగారమునుండి వచ్చునప్పుడు చేతులు కడుగుకొనిరేగాని, ఒక రోగి నుండి మఱియొక రోగి యొద్దకు పోవునప్పుడు సబ్బుతోనే సరిపెట్టుకొనిరి. ఆమె తరువాత పరీక్షింపబడిన పండ్రెండుగురు తల్లులలో పదునొకండుగురు మరణించిరి. విషము శవమునందేగాక బ్రదికియున్న రోగియందును పుట్టునని సెమ్మెల్వైసు గ్రహించి, ప్రతి రోగికిని నడుమ చేతులు కడుగవలెనని నియమము చేసెను. తన సిద్ధాంతమును తానే సవరించుకొనుట అందఱు పండితులకును చేతనగు పని కాదు.

1848వ సంవత్సరపు లెక్కలు వచ్చెను. మొదటి విభాగమున 3,556 కాన్పులకు 45 మరణములు. రెండవ విభాగమున 3,219 కాన్పులకు 43 మరణములు. ఆ యేడు మార్చి, ఆగస్టు నెలలలో మొదటి విభాగమున ఒక్క తల్లియు మరణింపలేదు.

ఇంత గొప్ప విజయము సాధించినవాని మనస్సు సంతోషముతో నిండవలెను. సెమ్మెల్వైసునకు అట్లు కాలేదు. తన యధికశ్రద్ధచేత, తన చేతులతోనే, ఎందఱు తల్లులను అకాలముగా సమాధులకు పంపెనో ఆ సంఖ్య భగవంతునికే తెలియునని ఆతడు తరువాత తన గ్రంథమున వ్రాసికొనెను. ఆ మాటను బహిరంగముగా ఒప్పుకొనుటకు ఎంతటి ధైర్యము కావలెనో ఊహింపవచ్చును. ఇతర వైద్యులు ఆతని సిద్ధాంతమును త్రోసిపుచ్చుటకు మూలమును ఇచ్చటనే కలదు. దాని నంగీకరించినచో ప్రతి ప్రసూతివైద్యుడును తానే వ్యాధిని తెచ్చినవాడనని అంగీకరింపవలెను. గాలిని నిందించుట సులభము. తన చేతిని తాను నిందించుకొనుట కష్టము.

వియన్నాలో రోకిటాన్‌స్కీ, స్కోడా, హెబ్రా అను ప్రసిద్ధ వైద్యులు ఆతని పక్షము వహించిరి. 1847 డిసెంబరులోనే హెబ్రా ఈ విషయమును ఒక వైద్యపత్రికలో ప్రకటించెను. కాని సెమ్మెల్వైసు తానుగా కలము పట్టలేదు. వ్రాయుట ఆతనికి గిట్టదు. సత్యమే తన్ను తాను స్థాపించుకొనునని తలచెను కాబోలు. ఇది పెద్ద లోపమే. ఆతని మాట ఇతర దేశములకు వక్రముగా చేరెను. శవములను ముట్టనిచోట గూడ ఈ జ్వరము కలదు గదా యని పలువు రాక్షేపించిరి. పై అధికారియగు క్లైనునకు ఈ నూతన పద్ధతి మొదటినుండియు రుచింపలేదు. 1849 మార్చిలో సెమ్మెల్వైసు ఉద్యోగకాలము ముగియగా దానిని పొడిగింపలేదు. ఎట్టకేలకు 1850లో ఆతనికి బోధించు అనుమతి వచ్చెను గాని, బొమ్మపై మాత్రమే ప్రసవవిధానమును చూపవలెనని నిబంధన విధించిరి. ఆ యవమానమును సహింపలేక, మిత్రులతోనైన చెప్పక, కొలది దినములలోనే వియన్నాను విడిచి పెస్టు నగరమునకు పోయెను. ఆతనికొఱకు పోరాడినవారికి ఆ పోక బాధ కలిగించెను.

పెస్టునందలి సెయింటు రోఖు వైద్యశాల ప్రసూతి విభాగమును ఆతడు మొదట చూచినప్పుడు ఒక స్త్రీ అప్పుడే మరణించియుండెను. ఒకతె కొనయూపిరితో నుండెను. మఱి నలుగురు తీవ్రమైన జ్వరముతో బాధపడుచుండిరి. అచ్చటి యధికారి శస్త్రవైద్యుడు, శవపరీక్షలును ఆయనవే. 1851లో సెమ్మెల్వైసు జీతము లేకయే ఆ విభాగమును స్వీకరించెను. ఆతడున్న ఆఱేండ్లలో 933 కాన్పులకు ఎనిమిదిమంది తల్లులు మాత్రమే ఈ జ్వరముతో మరణించిరి.

1855లో పెస్టు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభించెను. అచ్చటను చేతులు కడుగు నియమము ప్రవేశపెట్టెను. అయినను కొంతకాలమునకు మరణములు కనబడగా, ఆతడు నిత్యకృత్యములను మరల మొదటినుండి పరికించెను. ఈసారి దోషము చేతులలో లేదు, పక్కదుప్పట్లలో నుండెను. సరిగా ఉతుకక, పూర్వపు బాలింతల మాలిన్యముతోనే వానిని క్రొత్తగా వచ్చినవారికి పఱచుచుండిరి. అధికారులకు ఫిర్యాదు చేసెను, వారు లెక్కింపలేదు. అంతట సెమ్మెల్వైసు ఆ కంపుగొట్టు దుప్పట్లను తానే మోసికొనిపోయి అధికారి ముక్కు నెదుట బెట్టెను. పిదప గాని శుభ్రమైన దుప్పట్లు రాలేదు. చాకలిమూటను మోయుట ఆచార్యునకు తగునా యని చూచినవారు నవ్వియుందురు. ఆతడు మాత్రము రోగి శరీరమునకు తగులు ప్రతివస్తువును తన శాస్త్రములోని భాగముగానే యెంచెను.

1857లో ఆతనికి వివాహమయ్యెను. ఐదుగురు బిడ్డలు కలిగి, వారిలో ఇద్దఱు శైశవముననే మరణించిరి. తుదకు 1861లో సూతికాజ్వరమును గూర్చిన ఆతని గ్రంథము వెలువడెను. కనుగొన్న పదునాలుగేండ్లకు! అందు పట్టికలు, లెక్కలు, వాదములు సమృద్ధిగా నున్నవి. చెప్పినదే మరల చెప్పుటయు, ప్రత్యర్థులపై కోపమును నంతకంటె సమృద్ధిగా నున్నవి. ఐరోపాలోని ఆచార్యులు పెక్కుమంది దానిని నిరాకరించిరి. అంతట ఆతడు బహిరంగ లేఖలు ప్రకటించి, తన విధానమును త్రోసివేయుచున్న ఆచార్యులను హంతకులని దూషించెను. ప్రతిదినమును నివారింపదగిన మరణములు జరుగుచుండగా ఓర్పు వహింపుమని ఆతనికి చెప్పుట కష్టము. కాని ఆ దూషణముచేత ఒక్క వైద్యుడైనను చేతులు కడుగుకొనెనని చెప్పుటయు కష్టమే. శత్రువులు మఱింత దూరమైరి, సందేహించుచున్నవారు శత్రువులైరి.

1865 నాటికి ఆతని బుద్ధి చలించెను. జూలై చివర బంధుమిత్రులు ఆతనిని వియన్నాకు తీసికొనిపోయి మానసికవ్యాధుల వైద్యశాలలో చేర్చిరి. రైలువద్దకు ఎదురువచ్చి తీసికొనిపోయినవాడు చిరకాలమిత్రుడగు హెబ్రాయే. అచ్చట చేరిన రెండువారములకే, ఆగస్టు 13వ తేదీన, శరీరమందలి గాయములు చీముపట్టి రక్తము విషమై సెమ్మెల్వైసు మరణించెను. ఆ గాయములు కావలివారి దెబ్బలవలన కలిగినవని పెక్కుమంది చరిత్రకారులు తలచుచున్నారు. తల్లులను ఏ వ్యాధినుండి కాపాడెనో ఇంచుమించుగా ఆ వ్యాధియే ఆతని ప్రాణమును తీసెను. అప్పటి కాతనికి నలువదియేడేండ్లు.

సరిగా దానికి ముందుదినమున, ఆగస్టు 12న, స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జోసెఫు లిస్టరు అను శస్త్రవైద్యుడు, బండిచక్రము క్రింద కాలు విరిగిన యొక బాలుని గాయమునకు కార్బాలిక్ ఆమ్లముతో కట్టు కట్టెను. ఆ గాయము చీముపట్టక మానిపోయెను. సెమ్మెల్వైసు పేరును లిస్టరు అప్పటికి వినియుండలేదు. 1879లో పారిసు వైద్యసభలో సూతికాజ్వరమును గూర్చి ఒకరు ఉపన్యసించుచుండగా లూయీ పాశ్చరు లేచి, నల్లబల్లపై గొలుసువలె కూడియున్న సూక్ష్మజీవుల బొమ్మను గీసి, ఆ వ్యాధికి మూలము ఇవియే యని చూపెను. చేతులనుండి, చీమునుండి, దుప్పట్లనుండి తల్లుల శరీరములలో ప్రవేశించుచుండినవి అవియే.

రోగి నంటుటకు ముందును, అంటిన పిదపను వైద్యులును నర్సులును చేతులు శుభ్రపఱచుకొనవలసిన సందర్భములను వివరించుచు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో ఒక మార్గదర్శిని ప్రకటించెను. బుడాపెస్టు నందలి వైద్య విశ్వవిద్యాలయమునకు 1969లో సెమ్మెల్వైసు పేరు పెట్టిరి. ఆతడు జన్మించిన యిల్లు వైద్యచరిత్ర ప్రదర్శనశాలగా మాఱినది. వియన్నాలో పాతిపెట్టిన ఆతని అస్థులను 1891లో బుడాపెస్టునకు తెచ్చిరి. 1964లో వానిని ఆ యింటి యావరణముననే ఉంచిరి.